తిరిగేవన్నీ తేలిక చేద్దామని

నవంబరు 9, ఆదివారం. పొద్దున్న ఆరున్నర

నిర్ణయం: మా కారులో ఇంజనుతోపాటు తిరిగే ప్రతి భాగాన్నీ తేలిక చేయిస్తాను. బరువు తగ్గితే లోపల దాక్కున్న బలం దానంతటదే బయటికొస్తుంది. కొత్త కారు కొనక్కర్లేదు. సుందరరావుగారి ముందు తల దించుకోనక్కర్లేదు.

ఇట్లు, కృష్ణమోహన్, స్టీలు సామాన్ల కొట్టు, మెయిన్ బజారు, ఏలూరు. (నా డైరీకి నేనెవరో తెలుసు. అయినా సంతకం ఉంటే నిర్ణయానికి గట్టిదనం వస్తుంది.)

కారణం: నిన్న తాడేపల్లిగూడెంలో అత్తారింటికి బయల్దేరాం. దెందులూరు దాటాక వెనకనుంచి తెల్లటి కొత్త కారొకటి వచ్చి, హారను కూడా కొట్టకుండా మమ్మల్ని దాటేసి, మాయమైపోయింది. అది సుందరరావుగారిది. దేవి వాళ్ళ అక్కమొగుడు, అంటే నాకు తోడల్లుడు, గూడెంలో బియ్యం బ్రోకరు. దాటితే దాటారు. ముందుకెళ్ళి రోడ్డు పక్కన ఆగి, మేం చేరేసరికి రెండు కొబ్బరిబొండాలు కొట్టించి, స్ట్రాలు వేయించి, చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "ఎండన పడి వస్తున్నారు, తాగు తమ్ముడూ" అన్నారు. తాగాను. గొంతు దిగలేదు.

మా కారుకి పదేళ్ళు. చిన్నది, పెట్రోలుది. ఇకనుంచి అది చిన్నదే గానీ చురుకైనది.

నవంబరు 10, సోమవారం

రాత్రి చూసిన వీడియోలన్నీ తమిళంలో ఉన్నాయి. సగమే అర్థమైంది. అర్థంకాని సగం మీదే నాకు ఎక్కువ నమ్మకం కుదిరింది.

సారాంశం: ఇంజను వెనక ఫ్లైవీలని ఒక బరువైన ఇనప చక్రం బిగించి ఉంటుంది. మా కొట్లో పెద్ద సైజు పళ్ళెమంత. ఇంజను వేగం పెంచాలంటే ముందు ఆ చక్రాన్ని తిప్పాలి. దాన్ని లేతు మీద చెక్కించి బరువు తగ్గిస్తే ఇంజను చటుక్కున అందుకుంటుంది. ఆ తర్వాత పుల్లీ, ఆ తర్వాత తేలికపాటి చక్రాలు. వరస ఇదీ.

మధ్యాహ్నం కొట్లో ప్రయోగం చేశాను. కౌంటరు మీద ఒక బరువు కంచాన్నీ, ఒక రేకు కంచాన్నీ నిలబెట్టి బొంగరంలా తిప్పాను. రేకుది ఇట్టే తిరిగింది. నేను చెప్పలేదూ! ఇట్టే ఆగిపోయింది కూడా, కానీ అది ముఖ్యం కాదు. పెళ్ళి సామాను కొనడానికొచ్చిన ఒకావిడ ఇదంతా శ్రద్ధగా చూసి, "ఆ బరువుదే ఎక్కువసేపు తిరిగిందండీ, అవే రెండు డజన్లు కట్టండి" అంది. కట్టాను. వ్యాపారం వేరు, విజ్ఞానం వేరు.

నవంబరు 12, బుధవారం

మెకానిక్ వెంకట్రాజుకి చెప్పాను. ఎందుకండీ అన్నాడు. చెప్పాను. కాసేపాగి మళ్ళీ ఎందుకండీ అన్నాడు. ఈ ఊళ్ళో సైన్సు ఎదగకపోవడానికి కారణం ఇదే.

గేరుబాక్సు దింపి చక్రం ఊడదీసిచ్చాడు.

ఇంట్లో మాత్రం క్లచ్ ప్లేటు మారుస్తున్నారని చెప్పాను. అబద్ధం కాదు, క్లచ్ ప్లేటు ఆ పక్కనే ఉంటుంది. దేవి ఒకటే అడిగింది, టెస్టు టైముకి బండి ఇంటికొచ్చేస్తుందా అని. ఆవిడకి ఈమధ్యే డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. పెదపాడు దాటి, చేపల చెరువుల మధ్యన లంక ఊరి బడి. బస్సు పొద్దున్నొకటి, సాయంత్రమొకటి, రెండూ బడి వేళకి పనికిరావు. స్కూటరు మీద వెళ్దామంటే చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ళకి రోడ్డంతా జారుడు. ప్రస్తుతం ఆటోలు మారి, చివర ఎవరి బండో బతిమాలుకుని, రోజూ ఆలస్యంగా చేరుతోంది. హెడ్మాస్టరు రెండుసార్లు గడియారం వంక చూశాడట. అందుకని కారు నేర్చుకుంది. డ్రైవింగ్ స్కూల్లో బాగా నడిపిందని మాస్టారు మెచ్చుకున్నాడు. డిసెంబరు 11న టెస్టు. లైసెన్సు వస్తే కారు పగలంతా ఆవిడదే.

అంటే ఈ మార్పంతా ఒకరకంగా ఆవిడ కోసమే. ఈ పాయింటు నాకు ఇప్పుడే తట్టింది. బావుంది.

నవంబరు 13, గురువారం

చక్రాన్ని కొట్టు సంచీలో వేసుకుని ప్యాసింజరు రైల్లో గూడెం వెళ్ళాను. పక్క సీటాయన సంచీ ఎత్తి చూసి, ఏ గుళ్ళోకండీ గంట, అని అడిగాడు. ఔనన్నాను.

రైసుమిల్లుల దగ్గర లేతు మిషను బంగార్రాజుది. మిల్లు షాఫ్టులు తప్ప వేరేవి పట్టని మనిషి. చక్రం చూసి కళ్ళు మెరిశాయి.

"ఎంత తియ్యమంటారండీ?"

"ఎంత తియ్యొచ్చు?"

"మీరు ఆపమనేదాకా తీస్తానండీ."

ఇనప రజను జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. చూడముచ్చటగా ఉంది. ఎక్కడ ఆపాలో వీడియోలో ఏదో చెప్పారు గానీ అది తమిళంలో ఉంది. టీ వచ్చినప్పుడు ఆపమన్నాను.

కొట్టుకొచ్చి కాటా మీద పెట్టాను. దాదాపు సగానికి సగం! తిరుగు ప్రయాణంలో చెయ్యి తేలిక, మనసు తేలిక.

నవంబరు 15, శనివారం

ఆహా. ఆహాహా.

కాలు ఇలా ఆన్చానో లేదో ఇంజను అలా లేచింది. పాత ఇంజనైతే ముందు నా మాట విని, ఆలోచించుకుని, తర్వాత బయల్దేరేది. ఇది నేను అనుకునేలోపే అరుస్తోంది. హైవే ఎక్కి వట్లూరు దాకా వెళ్ళొచ్చాను. సెకండు గేరులో ఒక పాలవ్యానుని దాటాను. వ్యాను ఆగి ఉందా అన్న అనుమానం తర్వాత వచ్చింది, పట్టించుకోలేదు.

సుందరరావుగారికి ఫోను చేసి, ఇంజనుకి చిన్న పని చేయించాను అన్నయ్యగారూ, ఈసారి బొండాలు నేను కొట్టిస్తాను అన్నాను. అలాగే తమ్ముడూ, లేతవి చూసి కొట్టించు అన్నారు. చూద్దాం.

చిన్న విషయం: రైలుగేటు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. కొత్త చెప్పులు. రేపట్నుంచి పాతవి వేసుకుంటాను.

నవంబరు 18, మంగళవారం

ఏం రాయను.

మా అమ్మ కనకరత్నం, బండికి పనిచేయించాక పూజ చేయించకుండా ఎక్కకూడదంది. సరే, వీధి చివర అమ్మవారి గుడి ముందు పెట్టించాం. పసుపు, కుంకం, బంతిపూల దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఇక మీదట నడిపేది దేవి కాబట్టి ఆవిడే ఎక్కి నిమ్మకాయలు తొక్కించాలంది అమ్మ. మంచి మాటే. ఆ సమయంలో నేను గానీ నోరు తెరిచి ఉంటే ఈ రోజు ఇలా ఉండేది కాదు.

దేవి దణ్ణం పెట్టుకుని స్టార్టు చేసింది. క్లచ్ మెల్లిగా వదిలింది. బండి నిమ్మకాయ దాకా వచ్చి టక్కున ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు. మళ్ళీ నిమ్మకాయ దగ్గరే. మూడోసారి నిమ్మకాయ నలగలేదు సరికదా, బండే వెనక్కి జరిగింది. పంతులుగారు మంత్రం పొడిగించారు. కొబ్బరికాయలు అమ్మే ఆవిడ లేచి నిలబడి మరీ చూసింది. చివరికి నలుగురు కుర్రాళ్ళు వెనకనుంచి తోస్తే నిమ్మకాయలు నలిగాయి.

నాకు అక్కడికక్కడే అర్థమైంది. బరువు చక్రం ఉన్నప్పుడు అది తన ఊపుతో బండిని ఎత్తు మీదికి లాగేది. ఇప్పుడా ఊపు సగం గూడెంలో బంగార్రాజు లేతు కింద జంతికల్లా పడి ఉంది.

అమ్మ ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి, తీర్పు చెప్పింది. "నిమ్మకాయ దాటని చేతికి బండి ఇవ్వకూడదమ్మా. తల్లి ఒద్దంటోంది." దేవి, బండి లాగట్లేదత్తయ్యగారూ అంది. అమ్మ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అని ఊరుకుంది.

మద్దెల నిజంగానే ఓడు. ఓడుచేసింది నేను. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను.

నవంబరు 19, బుధవారం

నిజం ఈ రోజే ఎందుకు చెప్పకూడదంటే:

అమ్మ ఇప్పుడే శాంతించింది. మళ్ళీ కదపడం ఆరోగ్యానికి మంచిది కాదు.

దేవి ఎలాగూ ప్రాక్టీసు చేస్తే అలవాటు పడుతుంది.

సుందరరావుగారికి బొండాలు కొట్టిస్తానన్నాను.

మూడోది కారణం కాదని నాకూ తెలుసు. అసలు కారణం అదే.

నవంబరు 23, ఆదివారం

దేవిని ప్రాక్టీసుకి లంక ఊరి దారిలోకే తీసుకెళ్ళాను. రెండువైపులా చెరువులు, మధ్యన గట్టు మీద రోడ్డు. గుంతలో దిగితే ఆగుతోంది, గుంత ఎక్కితే ఆగుతోంది, కొంగ అడ్డమొస్తే ఆగుతోంది. ఎదురుగా మేత బస్తాల ట్రాక్టరు వస్తే పక్కకి తీయబోయి అడ్డంగా ఆగింది. ట్రాక్టరతను మర్యాదస్తుడు, దిగొచ్చి, "కంగారు పడకండమ్మా, మెల్లగా వదలండి కాలు" అని చెప్పి, ఇంజను కట్టేసి కూర్చున్నాడు. ఆ మర్యాదకి దేవి చెవులు ఎర్రబడ్డాయి.

డ్రైవింగ్ స్కూలు కారు బాగానే వెళ్ళేది కదండీ, నా కాలు సరిగ్గా పడట్లేదంటారా అని అడిగింది. స్కూలు కార్లు సులువుగా ఉంటాయి దేవీ, ఇది అసలైన ప్రాక్టీసు అన్నాను. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. కొట్లో ముప్ఫయ్యేళ్ళుగా సామాను అమ్ముతున్నవాడికి అబద్ధం ఆడకుండా మోసం చెయ్యడం పెద్ద పనేం కాదు.

నవంబరు 25, మంగళవారం

శాస్త్రీయ ఫలితాలు, నిష్పక్షపాతంగా:

పికప్: ఖాళీ రోడ్డు మీద, ఒక్కణ్ణే ఉంటే, బావుంది. ఇద్దరెక్కితే మామూలు. అమ్మ ఎక్కితే లేదు.

మైలేజీ: మారలేదు. ఆగిపోయినప్పుడల్లా అరిపించి తీయాల్సి రావడంవల్ల కాస్త తగ్గింది.

సిగ్నలు దగ్గర ఆగితే: బండి చలిజ్వరం వచ్చినట్టు ఒణుకుతోంది. డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు రోజుకి కాస్త చొప్పున పక్కకి జరుగుతున్నాడు.

వెంకట్రాజునడిగాను, బలం పెరగాలి కదయ్యా అని. ఇంజను బలం ఎంతో అంతేనండీ, చక్రం చెక్కితే పెరగదు, తొందర పెరుగుతుందంతే అన్నాడు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదంటే, రెండుసార్లు ఎందుకండీ అన్నాను కదండీ అన్నాడు.

పుల్లీ ఆర్డరు రద్దు. తేలిక చక్రాలు వాయిదా. నిర్ణయం మాత్రం అలాగే ఉంది. మొదటి భాగాన్ని పరిశీలిస్తున్నాను, అంతే.

నవంబరు 27, గురువారం

పొద్దున్న పాలు తేవడానికి లేచాను. గదిలో దేవి మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ళకి చెప్పులు. ఎడంకాలి కింద వంటింటి పీట, దాని మీద మడిచిన తువ్వాలు. కళ్ళు మూసుకుని, కాలిని నొక్కి, మెల్లగా, చాలా మెల్లగా వదులుతోంది. మళ్ళీ నొక్కుతోంది.

నన్ను చూడలేదు. నేను పాలగిన్నె తీసుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాను. ఛీ.

నవంబరు 28, శుక్రవారం. సాయంత్రం

రైల్వే బ్రిడ్జి ఎక్కుతూ సగంలో నా కాలి కిందే ఆగిపోయింది. వెనక సిటీ బస్సు, దాని వెనక ఊరంతా. స్టార్టు చేస్తే ముందుకి ఓ గెంతు, వెనక్కి ఓ జారుడు. పక్కనించి ఒక ఆటో అబ్బాయి తల బయటపెట్టి, కొత్తగా నేర్చుకుంటున్నారా అంకుల్, అని ఆప్యాయంగా అడిగాడు. ఇరవయ్యేళ్ళ నా డ్రైవింగు అనుభవం బ్రిడ్జి దిగి కాలవలో కలిసింది.

ఇంటికొచ్చాక పెట్రోలు బంకు వాడిని తిట్టాను. దేవి వింటూ, "మీక్కూడా ఆగిపోయిందా అండీ?" అంది. ఆ గొంతులో ఆశ ఉంది. ఒక్క ఔను చాలు. పెట్రోల్లో నీళ్ళు కలిపినట్టున్నారు అన్నాను.

నవంబరు 30, ఆదివారం

దేవి టెస్టు రద్దు చేసుకుంటానంది. ఏడవలేదు. కంచాలు తీస్తూ, కూర చాలా అన్నట్టు మామూలుగా చెప్పింది. తన వల్ల కాదట. కాలు రావట్లేదట. ఆ గట్టు రోడ్డు మీద ఎవరి దారికైనా అడ్డంగా ఆగిపోతానేమోనని భయమట.

అమ్మ, పోనీ ఉద్యోగం మానెయ్యమ్మా, కొట్లో కూర్చుందువు గానీ అంది. ప్రేమగానే అంది. దేవి ఆలోచిస్తానంది.

ఏడేళ్ళు చదివింది ఆ పరీక్షకి. కొట్లో బిల్లులు రాస్తూ చదివింది, పొయ్యి దగ్గర చదివింది, ఫలితాలొచ్చిన రోజు బజారంతా నేనే స్వీట్లు పంచాను. ఆ ఉద్యోగం ఇప్పుడు నేను చెక్కించిన ఇనప చక్రం మీద ఊగుతోంది.

రేపు చెప్పేస్తాను. ఖాయం.

డిసెంబరు 1, సోమవారం

చెప్పలేదు. దేవికి తలనొప్పి.

డిసెంబరు 2, మంగళవారం

చెప్పలేదు. నాకు తలనొప్పి.

డిసెంబరు 4, గురువారం

అమ్మ ఫోన్లో గూడెం వాళ్ళకి నిమ్మకాయల సంగతంతా చెప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆదివారం మామగారి పుట్టినరోజు, అందరం అక్కడే భోజనం.

డిసెంబరు 7, ఆదివారం. రాత్రి

మొత్తం రాయాలి.

భోజనాలు సుందరరావుగారి బియ్యం గోడౌను ముందు, షామియానా కింద. మామగారు, అత్తగారు, చుట్టాలంతా. నేనే కారు నడిపి తీసుకొచ్చాను. గేటు దగ్గర ఆగిపోయింది. ఎవరూ చూడలేదు.

సుందరరావుగారు దేవి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వెక్కిరించడానికి కాదు. వెక్కిరిస్తే నాకు సుఖంగా ఉండేది. ఆయన నిజంగా బాధపడుతూ, కొందరి చేతికి బండి రాదమ్మా, దాంట్లో నామోషీ ఏం లేదు, నాకు తెలిసిన డ్రైవరొకడున్నాడు, మాట్లాడి పెడతాను, ఉద్యోగం మాత్రం వదులుకోకు అన్నారు. నాకు తట్టని మాట అది. నాకు తట్టాల్సిన మాట.

దేవి తలొంచుకుని విస్తరి మడుస్తూ అంది: "ఔనండి బావగారూ. నాకు రాదు. నిమ్మకాయ మీద బండే ఎక్కించలేకపోయాను."

అంతమందిలో ఆవిడ నోటితోనే అంది. ఈ బండి గొడవకి ముందు దేవి ఏ పనికీ నాకు రాదు అన్న మనిషి కాదు.

నేను మజ్జిగ గ్లాసుతో లేచి నిలబడ్డాను. కింద పెట్టడం మర్చిపోయాను.

"ఆవిడకి రాక కాదండీ అన్నయ్యగారూ. బండి ఫ్లైవీలు చెక్కించేశాను. మిమ్మల్ని దాటాలని. అప్పట్నించీ అది ఎవరు తోలినా ఆగిపోతోంది. నాకూ ఆగిపోతోంది. దేవికి చెప్పలేదు."

సుందరరావుగారు తాళాలడిగారు. గోడౌను ముందు ఖాళీలో ఎక్కి స్టార్టు చేశారు. ఆగింది. మళ్ళీ చేశారు. గెంతి ఆగింది. మూడోసారి బియ్యం బస్తాల దగ్గర ఆగింది. ముందు మామగారు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, సుందరరావుగారు స్టీరింగు మీద తల ఆన్చి మరీ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను.

దేవి నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఇన్నాళ్ళూ నా కాలిదే తప్పనుకున్నానండీ. మీరు పక్కనే కూర్చుని చూశారు."

అంతే. తాళాలకి చెయ్యి చాపింది. సుందరరావుగారు దిగి ఇచ్చేశారు. ఎల్ బోర్డు తగిలించుకుని, నన్ను పక్కన, అమ్మని వెనక కూర్చోబెట్టుకుని, గూడెం నుంచి ఏలూరు దాకా నడిపింది. కొంచెం ఎక్కువ అరిపిస్తూ, కాలు తువ్వాలు మీది నుంచి తీసినట్టు మెల్లగా వదులుతూ. ఎక్కడా ఆగలేదు. దారంతా ఒక్కమాట లేదు. అంతకన్నా నాలుగు తిట్టుంటే బావుండేది.

డిసెంబరు 8, సోమవారం

దేవి మాట్లాడట్లేదు. అమ్మ మాట్లాడుతోంది.

ఇంజను సంగతులు అమ్మకి అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది. "బరువు తీసేసి, చెప్పకుండా చేతిలో పెట్టావా? అదీ ఇంట్లో మనిషికి?" అంది. మా కొట్లో సగం గ్రాము తేడా వస్తే నాన్న కొనుక్కెళ్ళినవాళ్ళ ఇంటికెళ్ళి మరీ సరిచేసొచ్చేవారు. ఆయన ఫొటో వంక చూడమంది. చూడలేకపోయాను.

తర్వాత అమ్మ లేచి వెళ్ళి దేవితో, నిమ్మకాయల విషయంలో నేనూ తొందరపడ్డానమ్మా అంది. మా అమ్మ ఇంకొకరితో ఇలా అనడం నేను వినడం ఇదే మొదలు.

డిసెంబరు 9, మంగళవారం

విజయవాడ నుంచి కొత్త చక్రం తెప్పించాను. అసలైన బరువుది. ఇంట్లో పెట్టి, రేపే వేయించేస్తాను దేవీ అన్నాను. టెస్టు ఎల్లుండి కదా, ఇప్పుడు మారిస్తే మళ్ళీ కాలు అలవాటు చేసుకోవాలి, వద్దంది. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. ముక్తసరిగానే అంది. అయినా రాసుకుంటున్నాను.

డిసెంబరు 11, గురువారం

పాస్.

ఎనిమిది అంకె వేయించారు, వెనక్కి తీయించారు, ఎత్తు మీద ఆపి కదిలించమన్నారు. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను కంచె బయట నిలబడి, నా ఎడంకాలితో నేల మీద క్లచ్ వదులుతూనే ఉన్నాను. పక్కన నిలబడ్డాయన అరికాల్లో తిమ్మిరా అండీ అన్నాడు.

దేవి దిగి, ముందు అక్కకి ఫోన్ చేసింది, తర్వాత అత్తయ్యగారికి. నాకు చెయ్యక్కర్లేదు, ఎదురుగానే ఉన్నాను. అలాగని సరిపెట్టుకున్నాను.

డిసెంబరు 15, సోమవారం

ఒక్కతే బడికి వెళ్ళింది. ఎనిమిదింటికే. అమ్మ గేటు దాకా వెళ్ళి, మెల్లగా వెళ్ళమ్మా అంది. నేను స్కూటరు మీద కొట్టుకెళ్ళాను. పొద్దున్నంతా ఫోను కౌంటరు మీదే పెట్టుకున్నాను. గంట ముందే చేరానని మెసేజి. హెడ్మాస్టరింకా రాలేదట.

డిసెంబరు 19, శుక్రవారం

రాత్రి అన్నం పెడుతూ దేవి, ఆ బరువు చక్రం వేయించేయండి అంది. అదేంటి, నీకిది బాగా అలవాటైపోయింది కదా, ఇప్పుడెందుకు అన్నాను. నిజం చెప్పాలంటే, దేవి చేతికింద అది ఎంత బాగా వెళ్తోందో చూసి, నా నిర్ణయం పూర్తిగా తప్పు కాదేమోనని లోపల్లోపల మురుస్తున్నాను.

"మా బడిలో మెర్సీగారని ఉన్నారండీ. ఆవిడా కారు నేర్చుకుంటారట. ఆదివారాలు మన బండి మీద నేర్పిస్తానన్నాను. ఆగిపోయినప్పుడల్లా ఆవిడ తన కాలిదే తప్పనుకోకూడదు."

నేను అన్నం కలుపుతూనే ఉండిపోయాను. ఇంకొంచెం పప్పు వెయ్యమంటారా అంది. తలూపాను. కళ్ళు తుడుచుకుంటూ, ఆవకాయ ఘాటు అన్నాను. ఆవకాయ వేసుకోలేదు.

డిసెంబరు 21, ఆదివారం. పొద్దున్న ఆరున్నర

నిన్న వెంకట్రాజు బరువు చక్రం బిగించాడు. ఈసారి ఎందుకండీ అనలేదు. బండి మళ్ళీ నిదానంగా, పెద్దమనిషిలా కదులుతోంది. దేవి ఈ రోజు మెర్సీగారిని ప్రాక్టీసుకి తీసుకెళ్తోంది. మధ్యాహ్నం గూడెం నుంచి సుందరరావుగారు వస్తున్నారు, బొండాలు నేనే కొట్టించాలి.

నిర్ణయం: స్కూటరులో తిరిగే ప్రతి భాగాన్నీ తేలిక చేయిస్తాను. స్కూటరు తోలేది నేనొక్కణ్ణే కాబట్టి ఇందులో ఎవరికీ నష్టం లేదు. రాత్రి కొత్త వీడియోలు చూశాను. ఈసారివి కన్నడంలో ఉన్నాయి.

కానీ ముందు దేవికి చెప్పాను. వంటింటి గడపలో నిలబడి, ఏం తీయిస్తానో, ఎంత తీయిస్తానో, ఆఖరికి ఎవరిని దాటాలనో కూడా చెప్పాను. దేవి పూర్తిగా విని, స్టవ్ తగ్గించి, నా వంక తిరిగింది. గూడెం నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది.

"చేయించుకోండి. దారిలో ఆగిపోతే మాత్రం ఫోన్ చెయ్యండి, నేనొచ్చి తీసుకొస్తాను. ఎందుకాగిందో నాకు చెప్పాలి, అంతే."

ఇట్లు, కృష్ణమోహన్. పక్కన సాక్షి సంతకం కూడా పెట్టించాను: దేవకుమారి.